బొమ్మ చూడకుండా అవార్డు చెప్పినాయన

మొన్న మధ్యాహ్నం స్టాఫ్ రూములో మా సోషల్ మేడం ఫోను చూస్తూ, ఈసారి సినిమా అవార్డులు ప్రకటించేశారని చెప్పింది. ఉత్తమ నటి ఎవరో చెప్పుకోండి చూద్దాం అంది. తలా ఒక పేరు చెప్పారు. కాదు, కాదు అంటూ ఆవిడ ఊరిస్తోంది. నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ తలెత్తకుండానే ఒక పేరు అన్నాను. ఆవిడ నవ్వడం మానేసి నా వంక చూసింది. ఆ సినిమా చూశారా మేడం అని అడిగింది. చూడలేదన్నాను. మరెలా చెప్పారంది.

నేను చెప్పలేదు తల్లీ, నరసన్నపేట టాకీసు దగ్గర సైకిల్ స్టాండు నడిపిన ఒకాయన చెప్పారు, ఆయన కూడా ఆ సినిమా చూడలేదు, ఆయన పోయి ఇరవై రోజులైంది అని చెబుదామనుకున్నాను. చెప్పలేదు. చెప్పాల్సినప్పుడు నోరు మూసుకోవడం నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బు. ఇప్పుడు రాస్తున్నది ఆయన గురించే అయినా, ఆ జబ్బు గురించి కూడా.

ఆయన పేరు రాయను. మా చర్చి సంఘంలో ఒక ఆదివారం ఆ పేరుని అందరి ముందూ గట్టిగా చదివారు. ఒక మనిషి పేరుకి ఆ మర్యాద ఒకసారి జరిగితే చాలు.

నేను చదువుకునే రోజుల్లో మా కాలేజీ దారిలో ఒక టాకీసు ఉండేది. దాని పక్కన రేకుల షెడ్డు, షెడ్డు ముందు ఒక చెక్కపెట్టె, ఆ పెట్టె మీద ఆయన. పొట్టి మనిషి. మోకాళ్ల పైకి మడిచి కట్టిన లుంగీ, పైన మాత్రం ఇస్త్రీ చొక్కా, చెవి వెనక సుద్దముక్క. సైకిలు లోపలికి తోస్తే ఒక రేకు బిళ్ల హేండిలుకి తగిలించి, అదే నంబరున్న ఇంకో బిళ్ల మన చేతిలో పెట్టేవారు. ఆ బిళ్ల రెండు చేతులతో ఇచ్చేవారు. కాలేజీ కుర్రాడికైనా, కూలికెళ్లి వచ్చినవాడికైనా రెండు చేతులతోనే. మా సంఘంలో రొట్టె పళ్లెం పక్కవాళ్లకి అలాగే అందిస్తారు, ఆ అలవాటే ఇక్కడికీ వచ్చిందనుకుంటాను.

ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం తలుపు తీసినప్పుడల్లా లోపలి మాటలూ పాటలూ బయటికి వచ్చేవి. అప్పుడాయన పెట్టె మీదే ఇటు తిరిగిపోయి రోడ్డుకేసి చూసేవారు. తలుపు మూశాక మళ్లీ అటు తిరిగేవారు. అదేదో ఎండ తగిలితే పక్కకి జరిగినంత మామూలుగా చేసేవారు.

ఎందుకలా అంటే, మాది మిషను కాలం నాటి బాప్తిస్టు సంఘం. అప్పట్లో సినిమా చూడటం పాపం. చూశారని తెలిస్తే ప్రభువు బల్లకి దూరం పెట్టేవారు. నెల మొదటి ఆదివారం అందరూ రొట్టె తింటుంటే ఆ మనిషి ఊరికే కూర్చోవాలి. బయటివాళ్లకి ఇదేం శిక్ష అనిపిస్తుంది. మాకు అంతకంటే పెద్ద శిక్ష లేదు. ఆయనకి టాకీసు దగ్గర పని దొరికినప్పుడు సంఘంలో పెద్ద తగువైందట. పాపం దగ్గర కాపలా కాయడం పాపమా కాదా అని. అప్పుడు మా నాన్న లేచి, సైకిళ్లకి పాపం అంటదు, ఆయన గుమ్మం దాటడు, దానికి నాదీ పూచీ అన్నాడట. మా నాన్న ఆస్పత్రిలో కాంపౌండరు, సంఘంలో డీకను, అంటే పెద్దల్లో ఒకడు. ఆయనా మా నాన్నా ఒకే రోజు వంశధారలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లు. ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. చుట్టరికం ఏమీ లేదు, ఒకే నీళ్లలో మునిగారు, అంతే.

అలా గుమ్మం దాటని మనిషి ఏటేటా సినిమా అవార్డులు ఎవరికొస్తాయో చెప్పేవారు. షెడ్డు రేకు తలుపు లోపలి వైపు సుద్దముక్కతో రాసి పెట్టేవారు. ఉత్తమ నటుడు, ఉత్తమ నటి, సంగీతం, మాటలు. పేర్లు పోస్టర్ల మీద చూసి రాసుకునేవారు. ప్రభుత్వం వారి జాబితా వచ్చిన రోజు ఎదురుగా ఉన్న టీ కొట్టు జనమంతా పేపరు పట్టుకొచ్చి ఆ తలుపు తీసి సరిచూసేవారు. నాలుగింట్లో మూడు తగిలేవి. ఒక్కోసారి నాలుగూ తగిలేవి. వాళ్లు అరిచి గోల చేస్తే ఆయన ఒకటే మాట అనేవారు. "జనం సెప్పీసినారు, నేను రాసినాను. అంతే కదేటి."

ఆ అంతే కదేటి వెనక చాలా ఉంది. ఆట వదిలాక జనం సైకిళ్ల కోసం వస్తారు కదా, ఆ పది నిమిషాలే ఆయన చూసే సినిమా. నాది ముందు తియ్యి, నాది ముందు తియ్యి అని తోసుకుంటే ఆ బొమ్మలో సరుకు లేదు. తోసుకోకుండా వరసలో నిలబడ్డారంటే ఏదో ఉంది. బిళ్ల ఏ జేబులో పెట్టారో మర్చిపోయి వెతుక్కుంటే నటుడెవరో గట్టివాడు. విలన్ని నటుడి పేరుతో తిడితే మామూలే, కథలో పేరుతో తిడుతూ వస్తే వాడికి అవార్డు ఖాయం. పాటలు మొదటి రోజు ఎవరైనా పాడతారట, నాలుగో రోజు సైకిలు తొక్కుతూ తమకి తెలీకుండా పాడితే ఆ సంగీతానికి రాస్తారట. ఆడవాళ్ల దగ్గర మాత్రం ఒకటే గుర్తు. బయటికొచ్చాక పక్కవాళ్లతో మాట్లాడారా లేదా, మాట్లాడకుండా వెళ్లిపోతే ఆ నటి పేరే రాస్తారట. ఒక ఏడు మాత్రం అన్నీ తప్పాయి. టీ కొట్టువాళ్లు వేళాకోళం చేస్తే, ఆ ఏడు బొమ్మ వదిలేటప్పుడల్లా వాన, జనం తడుస్తామని బేగి బేగి ఎల్లిపోయినారు, మొకాలు సరిగ్గా సూడనీలేదని వాన మీద పెట్టేశారు.

ఇవన్నీ నాకెలా తెలుసంటారా? నేనూ ఆ సైకిళ్లవాళ్లలో ఒకదాన్ని కాబట్టి. డీకనుగారి కూతుర్ని, క్వయిరులో పాడేదాన్ని, ఇంటర్ రెండో ఏడు నుంచి మధ్యాహ్నం క్లాసులు ఎగ్గొట్టి మ్యాట్నీలకి వెళ్లేదాన్ని. మొదటిసారి వెళ్లినప్పుడు షెడ్డు ముందు ఆయన్ని చూసి కాళ్లు ఆగిపోయాయి. ఆదివారం మా ముందు బెంచీలో కూర్చునే మనిషి. ఆయన నా మొహం చూశారు, సైకిలు చూశారు. బిళ్ల రెండు చేతులతో అందించి అన్నారు. "బేగి ఎల్లు పాపా, పేర్లు పడిపోతన్నాయి."

అంతే. ఆ తరవాత ఎన్నిసార్లు వెళ్లినా నా లేడీస్ సైకిల్ని షెడ్డులో అన్నిటికంటే వెనక పెట్టి పైన గోనెపట్టా కప్పేవారు, రోడ్డు మీద వెళ్లే మా నాన్నకి కనపడకుండా. ఆ గోనె కింద నాది ఒక్కటే ఉండేది కాదు. మా సంఘంలో గొంతెత్తి ప్రార్థన చేసే ఒక పెద్దమనిషి సైకిలు కూడా నా సైకిలు పక్కనే చూశాను. మొదటి ఆదివారం మేమందరం రొట్టె తీసుకునేవాళ్లం. ఎవరెవరు గోనె కింద ఉన్నారో తెలిసిన మనిషి మా మధ్యనే కూర్చుని, ఎవరి వంకా చూడకుండా, తన రొట్టె తను తీసుకునేవారు.

ఆ ఏడాదే ఒక సినిమా వచ్చింది. పెద్ద పేరున్నది కాదు, వారమైనా ఆడలేదు. కొత్త అమ్మాయి నటించింది. నేను ఒక్కదాన్నే వెళ్లాను. సినిమా అయ్యాక ఎలా బయటికొచ్చానో నాకు తెలీదు. ఇంటికి వచ్చి చెంబెడు నీళ్లు తాగుతుంటే మా నాన్న సైకిలేదని అడిగాడు. అప్పటిగ్గానీ నాకు గుర్తు రాలేదు, సైకిలు షెడ్డులోనే వదిలేసి రెండు కిలోమీటర్లు నడిచి వచ్చేశానని. నోటికి వచ్చింది చెప్పాను. గుడి దగ్గర పెట్టాను నాన్నా, సాయంత్రం క్వయిరు ప్రాక్టీసుకి ఎలాగూ వెళ్లాలి కదా అన్నాను. సాయంత్రం గుడికి వెళితే, బోరింగు పక్కన గోడకి ఆనించి నా సైకిలు ఉంది. చక్రాలకి కొత్తగా గాలి కొట్టి ఉంది. నేను ఇంట్లో ఏ అబద్ధం చెప్పి ఉంటానో ఆయన ఊహించి, దాన్ని నిజం చేసి వెళ్లిపోయారు.

ఆ ఏడాది తలుపు మీద ఉత్తమ నటి దగ్గర ఆ కొత్త అమ్మాయి పేరు రాశారు. టీ కొట్టు జనం పడి పడి నవ్వారట. ఒక లోకల్ విలేకరి అక్కడ టీ తాగుతూ అది చూసి సరదాగా పేపర్లో వేశాడు. సినిమా చూడకుండానే అవార్డులు చెప్పే సైకిల్ స్టాండు మనిషి అని, ఫోటోతో సహా. రెండు నెలలకి జాబితా వచ్చింది. ఆ కొత్త అమ్మాయికే అవార్డు. విలేకరి మళ్లీ వేశాడు, ఈసారి పెద్ద అక్షరాల్లో.

ఆ పేపరు సంఘంలోకి వచ్చింది. మా పెద్దలు బుర్రలు బద్దలు కొట్టుకుని ఒక తీర్మానానికి వచ్చారు. చూసి చెప్పాడంటే మాట తప్పి గుమ్మం దాటాడు. చూడకుండా చెప్పాడంటే అది సోదె. సోదె చెప్పడం సినిమా చూడటం కంటే పెద్ద పాపం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇలాంటి ఉచ్చు మా సంఘం తప్ప ఇంకెవరూ అల్లలేరు, ఆ సంగతి ఆ సంఘంలో పుట్టిన దాన్నిగా చెప్తున్నాను.

శనివారం సాయంత్రం కమిటీ కూర్చుంది. మర్నాడు మొదటి ఆదివారం. ప్రభువు బల్ల ద్రాక్షరసం గ్లాసులు తుడిచి సర్దడం ఆ నెల మా ఇంటి వంతు. నేను గుడి పక్క గదిలో ఆ పనిలో ఉన్నాను. మధ్యలో సగం వేసిన తలుపు ఒకటే అడ్డు.

ఆయన సమాధానం నెమ్మదిగా వినపడింది. "సూడలేదండి. సోదీ కాదండి. బయటికొచ్చినోళ్ల మొకాలు సూసినాను."

మా నాన్న ఊరుకోలేదు. ఊళ్లో వారం కూడా ఆడని బొమ్మ, ఎవరికీ తెలీని పిల్ల, ఆ పిల్లకే వస్తుందని ఎలా రాశావని గుచ్చి గుచ్చి అడిగాడు. పూచీ పడ్డ మనిషి కదా, అందరికంటే మా నాన్నకే మంట. అప్పుడాయన చెప్పారు.

"ఒక ఆడపిల్ల ఆ బొమ్మ సూసి బయటికొచ్చి, సైకిలు మర్సిపోయి నడుసుకుంటూ ఎల్లిపోనాది బావా. బిళ్లలు పారీసుకున్నోళ్లని సూసినాను. ఒకడిది ఒకడు తీసుకెల్లిపోడం సూసినాను. సైకిలే మర్సిపోనోళ్లని ఇన్నేళ్లలో సూడలేదు. అందుకు రాసినాను."

"ఎవరా పిల్ల?"

"సెప్పను."

"నువ్వు గుమ్మం దాటలేదని సెప్పడానికి ఆ పిల్లైనా, లోపలికెళ్లినోళ్లు ఇంకెవరైనా సాక్షి ఉన్నారా?"

"ఉన్నారు. పేర్లు సెప్పను బావా."

సాక్షి లేని మాట నిలబడదని మా నాన్న అన్నాడు. పోనీ పడిపోనీ అన్నారాయన. గోనె కింద సైకిలున్న పెద్దమనిషి కూడా ఆ కమిటీలో కూర్చుని ఉన్నాడు. అతను దగ్గినట్టు కూడా వినపడలేదు. నేనైతే తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. మూడడుగులు వేసి తలుపు తోస్తే చాలు. ఆయన ఎప్పుడూ లోపలికి రాలేదు, నేను లోపలే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు అని ఒక్క మాట. ఆ మాట అంటే నా చదువు ఆ పూటతో ఆఖరు. నాకున్న భయమల్లా అదే. గ్లాసుకి గ్లాసు తగిలి చప్పుడు కాకుండా ముప్పై ఆరు గ్లాసులూ తుడిచి పళ్లెంలో సర్దాను. చదువు ఆగలేదు. టీచర్నయ్యాను. నిజం చెప్పాలర్రా అని పాతికేళ్లుగా పిల్లలకి పాఠాలు చెప్తున్నాను.

మర్నాడు పాస్టరుగారు పేరు చదివారు. సినిమాలు చూచినట్లు తేలినందున, తప్పు ఒప్పుకొనువరకు ప్రభువు బల్లకు దూరముగా ఉంచడమైనది. ఆయన తన బెంచీలోంచి లేచి, నడుచుకుంటూ వెళ్లి, తలుపు దగ్గర చెప్పులు విడిచే చోట ఉన్న ఆఖరి బెంచీ మీద కూర్చున్నారు. అక్కడే కూర్చున్నారు, ముప్పై రెండేళ్లు.

మానేయలేదు, అదీ సంగతి. ఇంకొకరైతే వేరే సంఘానికి పోయేవారు. ఆయన ప్రతి ఆదివారం వచ్చేవారు. మొదటి ఆదివారం రొట్టె పళ్లెం బెంచీ బెంచీ దాటి వెనక్కి వెళ్లేది. ఆయన దగ్గరికి వచ్చినప్పుడు రెండు చేతులతో అందుకుని, అందులోకి చూడకుండా, పక్కవాళ్లకి రెండు చేతులతో అందించేవారు. తరవాత గ్లాసుల పళ్లెం కూడా అంతే. షెడ్డులో బిళ్లలు ఇచ్చినట్టే. చూశానని ఒప్పుకుంటే మూడు నెలల్లో బల్లకి వచ్చేయొచ్చు, అందరూ అలాగే వచ్చేవారు. ఆయన ఒప్పుకోలేదు. చెయ్యని తప్పు ఒప్పుకుంటే అది అబద్ధం అవుతుందని, ఆ అబద్ధంతో రొట్టె తినలేనని అనేవారట. మా నాన్న ఆయన్ని మళ్లీ బావా అని పిలవలేదు. బజార్లో ఎదురుపడితే రోడ్డు దాటి అటు వెళ్లిపోయేవాడు.

మా నాన్నకి గుండె జబ్బు ముదిరి మంచాన పడ్డాక ఒక సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చారు. వాకిట్లో నిలబడి, బావని ఒకసారి చూసి వెళ్తానని మా అమ్మతో అన్నారు. నేను మంచం పక్కనే ఉన్నాను. మా నాన్నకి చెబితే, కళ్లు మూసుకుని, ఒప్పుకున్నాడేమో అడుగు అన్నాడు. ఒప్పుకుంటే లోపలికి రమ్మను అన్నాడు. నేనే బయటికి వెళ్లి ఆ మాట చెప్పాను. నేనే చెప్పాను, ఏ మొహం పెట్టుకుని చెప్పానో. ఆయన నా వంక చూశారు. కోపం లేదు. ఉంటే బాగుండేది. "లేందాన్ని ఎలాగ ఒప్పుకుంటాను పాపా" అని మెల్లగా అని, గుమ్మం దాటకుండానే వెళ్లిపోయారు. అప్పటికి నాకు పెళ్లైంది, ఉద్యోగం ఉంది, ఎవరూ చదువు మానిపించేది లేదు. గుండె జబ్బు మనిషి, కలత పెట్టకూడదని డాక్టరు అన్నాడు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తొమ్మిదో రోజున మా నాన్న పోయాడు. తన స్నేహితుడు అబద్ధాలకోరని నమ్ముతూనే పోయాడు.

తరవాత కాలం మారిపోయింది. టాకీసు మూసేసి ఫంక్షన్ హాలు చేశారు. ఆయన అక్కడే మోటారు సైకిళ్లు సర్దిపెట్టే పనిలో ఉండిపోయారు. గుడిలో గోడకి పెద్ద టీవీ వచ్చింది, క్రిస్మసుకి కుర్రాళ్లు అందులో సినిమా వేస్తారు. ఎవరూ ఎవర్నీ బల్లకి దూరం పెట్టడం లేదు. కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు ఆయన దగ్గరికి వెళ్లి, అవన్నీ పాత సంగతులు తాతా, వచ్చి బల్లలో కూర్చోమన్నాడట. ఆయన ఒకటే అడిగారట. "అప్పుడు అందరి ముందు సదివినారు బాబూ. తప్పైపోనాదని కూడా అందరి ముందు సదవండి, వస్తాను." పాస్టరు పాత తీర్మానాలున్న మినిట్స్ పుస్తకం తీసి కమిటీలో పెట్టాడు. అప్పటి సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఆ కమిటీలో నేనూ ఉన్నాను. మొదట్లో సినిమాకి భయపడ్డాను. ఇప్పుడు ఇన్నేళ్లు ఊరుకున్నానే అన్నదానికి భయం. అప్పుడూ నోరు విప్పలేదు.

రెండు నెలల క్రితం ఆయనకి ఊపిరాడటం లేదని, కూతురింట్లో ఉన్నారని తెలిసి వెళ్లాను. గోడకి ఆనుకుని దిండ్ల మీద కూర్చుని ఉన్నారు. చొక్కా ఇస్త్రీదే. నన్ను చూసి సంతోషించారు. ఇంకా అవార్డులు చెప్తున్నారా బాబాయ్ అని అడిగాను, ఏం మాట్లాడాలో తెలీక. చెప్తున్నానన్నారు. ఇప్పుడు అందరూ ఫోన్లోనే చూస్తున్నారు కదా, ఎలా తెలుస్తుందన్నాను. చూసేటప్పుడు కాదట, ఫోను పక్కన పెట్టాక ఏం చేస్తారో చూడాలట. మొన్న మనవరాలు ఒక బొమ్మ చూసి, ఫోను మంచం మీద బోర్లా పెట్టేసి, వెళ్లి వాళ్లమ్మ పక్కన ఊరికే కూర్చుందట. ఆ బొమ్మలో పిల్లకి వస్తుందని చెప్పారు. నేను స్టాఫ్ రూములో చెప్పిన పేరు అదే.

తరవాత ఆయాసం తగ్గేదాకా ఆగి అడిగారు. "పాపా, ఆ బొమ్మలో ఆఖర్ని ఏటవుద్ది? నువ్వు సైకిలు మర్సిపోనావే, ఆ బొమ్మలో."

చెప్పాను. ఒకావిడ మొగుడు తప్పిపోతాడు. రోజూ రేవు దగ్గర నిలబడి వచ్చే పడవల్లో వెతుకుతుంది. చాలా ఏళ్లకి ఒక పడవలోంచి దిగుతాడు. ఆవిడ వాణ్ని గుర్తుపడుతుంది. ఒక్క మాట మాట్లాడదు. ఎవరో తెలీనట్టు వాడి పక్క నుంచి వెళ్లి ఆ పడవే ఎక్కేస్తుంది. ఆయన కళ్లు మూసుకుని అంతా విన్నారు. అయితే ఆ పిల్లకి రావలిసిందే అన్నారు.

నాకింక ఆగలేదు. నా పేరు ఎందుకు చెప్పలేదు బాబాయ్, ఒక్క మాట చెబితే మీ బతుకంతా ఆ చెప్పుల దగ్గర గడిచేది కాదు కదా అని ఏడ్చేశాను. ఆయన ఆశ్చర్యంగా చూశారు, ఇంత చిన్న సంగతి టీచరమ్మకి తెలీదా అన్నట్టు.

"బిళ్ల సేతికిచ్చినాక సైకిలు నా పూచీ కదేటి పాపా."

ఆ తరవాతి మొదటి ఆదివారం గుడిలో లేచి నిలబడ్డాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, నాకు తెలుసు. అయినా చెప్పాను. షెడ్డు, గోనెపట్టా, తలుపు అవతల గ్లాసులు తుడిచిన సంగతి, మా నాన్న మంచం పక్క సంగతి, అన్నీ. కుర్రాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సినిమా చూసినందుకా ఇదంతా అని ఒక అమ్మాయి పక్కదాన్ని అడగడం వినపడింది. ఇద్దరు ముగ్గురు నవ్వాపుకున్నారు. వాళ్లని ఏమనగలను? గోనె కింది పెద్దమనిషి ఇంకా ఉన్నాడు, ఎనభై దాటాయి, ముందు కుర్చీలో కూర్చుంటాడు. నాతో పాటు లేస్తాడేమోనని చూశాను. లేవలేదు. పాస్టరు మినిట్స్ పుస్తకం తెరిచి, ఆ తీర్మానం పొరపాటని, ఆయన ఏ తప్పూ చెయ్యలేదని, పేరుతో సహా చదివాడు. ఆ పేరు రెండోసారి ఆ గోడల మధ్య వినపడినప్పుడు ఆఖరి బెంచీ ఖాళీగా ఉంది.

ఆరాధన అవగానే పాస్టరూ నేనూ రొట్టె, ద్రాక్షరసం పట్టుకుని కూతురింటికి వెళ్లాం. అందరి ముందూ చదివారా అని అడిగారు. చదివామన్నాడు పాస్టరు. ప్రార్థన చేసి పళ్లెం ఆయన ముందు పెట్టాడు. ఆయన రెండు చేతులతో అందుకున్నారు. అందుకుని, అందులోకి చూడకుండా, పక్కనున్న నాకు అందించారు.

ముప్పై రెండేళ్ల అలవాటు. ఆయన చేతులకి ఇంకో పని తెలీదు. నేను ఆ పళ్లెం తీసుకోలేదు. మీరు బాబాయ్, ముందు మీరు అని, ఆయన చేతుల కింద నా చేతులు పెట్టి పళ్లెం వెనక్కి తిప్పాను. అప్పుడు చూశారు పళ్లెంలోకి. చిన్న ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నారు. నమలడానికి చాలాసేపు పట్టింది. గ్లాసు కూడా తాగి, తువ్వాలుతో పెదాలు తుడుచుకున్నారు. పాస్టరు బయట చెప్పులు వేసుకుంటుంటే నన్ను ఉండమని చెయ్యి చూపించారు.

"మీ నాన్నకి సెప్పినావా, ఎప్పుడైనా?"

లేదన్నాను. ఆయన తువ్వాలు మడిచి దిండు పక్కన పెట్టారు. మా నాన్న ఉండాల్సిందని అనుకుంటున్నారని ఆ మొహమే చెప్పింది. మొహాలు చదవడం ఆయన దగ్గరే కదా నేర్చుకున్నాను. తరవాత నా చెయ్యి మీద రెండుసార్లు తట్టారు.

"పర్లేదులే. ఎలాగూ ఎల్తన్నాను కదా, బావకి నేను సెప్పుకుంటాను. నీ పేరు మాత్రం సెప్పనులే."